రెండు నెలల చల్లగాలి

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు మేనేజరును అందరూ దొర అనేవారు. తెల్లవాడేం కాదు, మద్రాసు మనిషి. తెల్లదొరలు పోతూ పోతూ గోల్ఫ్ పిచ్చి ఆయనకు అంటించిపోయారు. ఆదోనిలో ఎటు చూసినా రాళ్ళగుట్టలే, బంతిని ఎక్కడ కొడతాడు? ఏటా ఎండాకాలం కొండలకు పోయేవాడు. వంటమనిషి యేసేపు గిన్నెలు మూట కట్టుకుని వెంట పోయేవాడు.

ఆ ఏడు యేసేపుకు కొండల మీద వేరే పని ఉంది. అతని భార్య సువార్తమ్మ అదే మిల్లులో పన్నెండేళ్ళు పనిచేసి ఊపిరితిత్తుల నిండా దూది దుమ్ము నింపుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

"అంటురోగం కాదు. రెండు నెలలు చల్లగాలిలో ఉంటే తేరుకుంటుంది. ఎండల్లో ఇక్కడే ఉంటే మాత్రం నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

యేసేపు వెళ్ళి దొరసాని కాళ్ళావేళ్ళా పడ్డాడు. తన పిల్లను ఆడించడానికి సువార్తమ్మనూ తీసుకుపోదాంలే అంది ఆవిడ.

మార్చిలో ఒక సాయంత్రం దొర రెండు ఉత్తరాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒకటి ఏర్కాడు కొండ మీద అద్దె బంగ్లా గురించి. పోయినేడు దిగింది అందులోనే. వెనక పనివాళ్ళకు గది ఉంది, గోల్ఫ్ లేదు. రెండోది ఊటీ హోటలు నుంచి. గది, మూడుపూటలా భోజనం, గోల్ఫ్, అన్నీ కలిపి ఒకటే ధర.

"ఏమోయ్ యేసేపూ, ఎటు పోదాం?" కాఫీ తెచ్చినవాణ్ణి నవ్వులాటకు అడిగాడు దొర.

యేసేపుకు పోయినేటి సంగతి గుర్తొచ్చింది. ఏర్కాడులో ఆట లేక విసుగెత్తి దొర పదిహేను రోజులకే మూటాముల్లె సర్దించాడు. ఆట ఉంటే ఈయన కదలడు. ఈయన కదలకుంటే సువార్తమ్మకు రెండు నెలలూ దక్కుతాయి.

"ఊటీకే పోదామయ్యా. ఆట లేకుంటే మీకు పొద్దు యాడ పోతాది? ఆట ఉంటే రెండు నెల్లు హాయిగా ఉండొచ్చు."

"బాగా చెప్పావోయ్!" అని దొర అప్పుడే ఊటీకి జాబు రాశాడు.

నెల పాటు యేసేపు గుడిసెలో ఊటీ తప్ప వేరే మాట లేదు. "ఆడ మబ్బులు ఇంట్లోకే వస్తాయంట గదా?" అని సువార్తమ్మ రోజూ అడిగేది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు యేసేపు గిన్నెలు గోనెసంచిలో సర్దుతుంటే దొర చూసి నవ్వాడు.

"అవెందుకు? వంటవాళ్ళు, ఆయాలు, ఆటకర్రలు మోసేవాళ్ళు, అందరినీ హోటలువాళ్ళే ఇస్తారు. మన పనివాళ్ళకు అక్కడ చోటే లేదట. ఈ రెండు నెలలూ నీకు సెలవు!"

ఇరవై ఏళ్ళుగా దొర ఎక్కడుంటే యేసేపు పొయ్యి అక్కడ. తన చేతి వంట లేకుండా దొర రెండు నెలలు ఉండగలడని అతనికి కలలో కూడా తోచలేదు. "అయ్యా, మా ఇంటిది..." అనేలోపే దొర లోపలికి పోయాడు. దొరసానిని బతిమాలితే, వచ్చే ఏడు చూద్దాం అంది. ఎంత తేలిగ్గా అన్నదో!

"ఊటీ అని నేనే సెప్పినానే, నా నోటితో నేనే సెప్పినాను" అని భార్య ముందు తల బాదుకున్నాడు.

"నాకోసమే గదా సెప్పినావు. ఊరుకో" అంది సువార్తమ్మ. ఆ తర్వాత మబ్బుల మాట ఎత్తలేదు.

మే నెలలో వడగాలి పట్టుకుంది. ఒక మధ్యాహ్నం సువార్తమ్మ గాలి కోసం నోరు తెరిచి, యేసేపు ఒళ్ళోనే ప్రాణం విడిచింది.

జూన్‌లో దొర నిగనిగలాడుతూ దిగాడు. ఒక్క రోజు కూడా ఆట మానలేదట. "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగాడు.

"మా ఇంటిది పోయిందయ్యా, పోయిన నెల."

దొర నిజంగానే నొచ్చుకున్నాడు. "నీకు సెలవిచ్చి వెళ్ళడమే మంచిదైంది. చివరిదాకా ఆమె పక్కనే ఉన్నావు" అన్నాడు.

"అవునయ్యా" అన్నాడు యేసేపు.