రేవు కాపలా

"బిరడా తీశారా?" అని అర్లిస్ అడగడం ఆ ఉదయానికి ఇది పదిహేడోసారి.

ట్రక్కులోని మనిషి అద్దం సగమే దించాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో కాఫీ, వెనక ట్రెయిలర్ మీద మెరిసే బోటు. బిరడా తీస్తేనే దాని అడుగున నిలిచిన పాత లేక్ నీళ్లు పోతాయి.

"నిన్న కూడా అడిగావమ్మా. నిన్న తీశాగా."

"నిన్నటి సంగతి నిన్న. ఇవాళ ఏ లేక్‌లోంచి వస్తున్నారు?"

"నువ్వేమన్నా పోలీసువా?"

కాదు. పోలీసుకి తుపాకీ ఉంటుంది. అర్లిస్‌కున్నవి నారింజరంగు చొక్కా, ఒక టార్చి, అట్టకు బిగించిన కాగితాలు, అరవై ఒక్కేళ్ల నడుము. ఆమె రబ్బరు చాప పరిచి, మోకాళ్ల మీద ట్రెయిలర్ కిందికి దూరింది. బోటు అడుగంతా అరచేత్తో తడిమింది. బోట్లకి అంటుకుని ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకే చారల ఆల్చిప్ప పిల్లలు కంటికి ఆనవు, చేతికి గరుకు కాగితంలా తగులుతాయి. ఏమీ తగల్లేదు. ఇరుసుకు చుట్టుకున్న నాచు మాత్రం పీకి తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"గడ్డి."

"గడ్డి ఇరుసుకి మొలిచిందా?"

అతను బూతు మాటొకటి కాఫీతో కలిపి మింగాడు.

చలికాలమంతా బడి వంటింట్లో గరిటె తిప్పడం, మే నుంచి సెప్టెంబరు దాకా పిన్‌చెర్రీ లేక్ రేవులో ఈ చాకిరీ. తొమ్మిది వేసవులు. పక్క కౌంటీ లేక్‌లో పిల్లలు ఈతకి బూట్లేసుకుని దిగుతారు, ఆల్చిప్పలు పాదాలు కోసేస్తాయని. పిన్‌చెర్రీలో ఇంకా వట్టికాళ్లతోనే దిగుతున్నారు. అర్లిస్ ఈ లోకంలో కాపాడింది అదొక్కటే. మెచ్చుకున్నవాడు లేడు, తిట్టనివాడు లేడు.

మధ్యాహ్నం ఆమె గుడ్డు శాండ్‌విచ్ విప్పుతుంటే కౌంటీ ఆఫీసు కుర్ర అధికారి గ్రెగ్ వచ్చాడు.

"అర్లిస్, కాస్త కూర్చోండి."

"నిలబడే వింటాను. చెప్పు."

"ఎదురొడ్డున ఆల్చిప్పలు దొరికాయండీ. అక్కడ ఇల్లున్న డెంటిస్టు గారి బోటు లిఫ్టు కాళ్లకి. గుత్తులు గుత్తులు."

లిఫ్టంటే బోటును నీళ్లపైకి ఎత్తిపెట్టే ఇనుప చట్రం.

"రేవు మీంచి రాలేదుగా?" అంది అర్లిస్.

"లేదండీ. ఆ లిఫ్టు జూన్‌లో వేరే లేక్ వాళ్ల దగ్గర కొన్నాడు. అంటుకున్నవి చావాలంటే లిఫ్టుని ఇరవై ఒక్క రోజులు ఎండబెట్టాలి కదా, రెండు రోజులు ఎండబెట్టాడు. తన పెరట్లోంచే నీళ్లలోకి తోయించాడు. జులై నాలుగు పండక్కి చుట్టాలొస్తున్నారట."

"ఆ రెండ్రోజులు మాత్రం ఎందుకూ దండగ!"

పాత రేకు పడవలో నాలుగు చేపల కోసం వచ్చేవాడి బిరడా తొమ్మిదేళ్లు పీకించారు. రెండొందల అడుగుల ఒడ్డు కొనుక్కున్నవాడి పెరటి దగ్గర ఒక్క మనిషిని నిలబెట్టలేదు. చట్టం ఇద్దరికీ ఒకటేనట. కాపలా మాత్రం ఒక్కడి దారిలోనే!

"రేపట్నించి ఇక్కడ కాపలా తీసేస్తున్నారు," అన్నాడు గ్రెగ్ నేల చూస్తూ. "శుభ్రంగా ఉన్న లేకులకి మనుషులు చాలట్లేదు. ఇక్కడ హెచ్చరిక బోర్డు పాతుతాం. మీరు ఇప్పుడే వెళ్లిపోవచ్చు."

"నా డ్యూటీ అయిదింటిదాకా."

నాలుగున్నరకి ఊళ్లోనే ఉండే డ్వేన్ తన రేకు పడవని ట్రక్కుతో ఒడ్డుకి లాక్కుని బయల్దేరాడు. మన లేక్ బోటే కదా అని ఆమె ఏనాడూ అతన్ని ఆపలేదు. ఇవాళ దారికి అడ్డంగా నిలబడింది.

"బిరడా తియ్యి, డ్వేన్."

"నన్నా? నీకు ఎండదెబ్బ తగిలిందా అర్లిస్?"

"రేపెక్కడికి పోతున్నావు?"

"మా బావమరిది దగ్గరికి. వాళ్ల లేక్‌లో చేపలు పిచ్చిగా పడుతున్నాయట."

"మన లేక్‌లో ఆల్చిప్పలు దొరికాయి. ఇక అంటించేది మనమే. పడవే కాబట్టి అయిదు రోజులు ఎండబెట్టు."

"అయిదా! నా సెలవు మొత్తం పోతుందే!"

"పోనీ."

డ్వేన్ ఆమె మొహం చూశాడు. దిగి బిరడా తీశాడు. పడవలోని నీళ్లు కాంక్రీటు మీద సన్నగా పారాయి. చివరి బొట్టు పడేదాకా ఇద్దరూ నిలబడ్డారు. తర్వాత ఆమె పడవ అడుగు తడిమింది, ఒకసారి కాదు, రెండుసార్లు.

అయిదింటికి అర్లిస్ నారింజ చొక్కా మడిచి, కాగితాలతో పాటు గ్రెగ్ వదిలి వెళ్లిన పెట్టెలో పెట్టి, కారెక్కి వెళ్లిపోయింది. లేక్ వైపు తిరిగి చూడలేదు.

మర్నాడు బోర్డు పాతడానికి వచ్చినవాళ్లకి కాంక్రీటు అంచున మోకాళ్ల కింద వేసుకునే రబ్బరు చాప కనిపించింది. తొమ్మిదేళ్ల బరువుకి దాంట్లో పడ్డ రెండు గుంటల్లో రాత్రి కురిసిన వాన నిలిచి ఉంది.