పందిని తిరిగిచ్చిన ఊరు

లారీ తలుపు మీద ఊరి పేరు రాసి ఉంది. ఎడ్నా వేలు పెట్టి చూసింది. రంగు ఇంకా ఆరలేదు, వేలికి ఎర్రగా అంటుకుంది.

"మెటెవుల్ రోడ్డు కంపెనీ" అని పైకి చదివింది. ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే మనవళ్లనెత్తుకున్న మనిషి. అలాంటి కంపెనీ ఒకటుందని ఆమెకి ఆ పొద్దుటే తెలిసింది.

పడవలోంచి యంత్రాలు ఒడ్డుకెక్కాయి. వాటి వెనక, సంచులు భుజానేసుకుని రాజధాని విలా నుంచి కూలికొచ్చిన కుర్రాళ్లు దిగారు. ఏళ్ల తరబడి ఊరి రోడ్డు గుంటల్లో పగడపు రాయి పోసింది ఎడ్నా, ఆమెతో ఉన్న ఆడవాళ్లు. వానకి కొట్టుకుపోయిన చోటల్లా మళ్లీ పూడ్చింది వాళ్లే. ఈసారి సర్కారు ఆ రోడ్డు వేయిస్తుంటే వాళ్లు టెండరు కూడా వేశారు. మలెకులా దీవి వాళ్ల కంపెనీ అయితే రేటు కాస్త ఎక్కువైనా పని వాళ్లకే ఇవ్వాలని నియమం ఉంది. ఆ నియమం కోసం దీవంతా సభలు పెట్టి గొంతు చించుకుంది. ఈ పని దొరికితే మొగుళ్లు న్యూజిలాండ్ ఆపిల్ తోటలకి వలసపోనక్కర్లేదని ఆ ఆడవాళ్ల ఆశ.

"మీకే కదమ్మా ఇచ్చాం!" అన్నాడు ప్రావిన్సు ఆఫీసు అధికారి, అడగడానికి వెళ్లిన ఎడ్నాతో విసుగ్గా. "మీ ఊరి పెద్దే ఓనరు. మీ గొడవలు మీ ఇంట్లో తేల్చుకోండి."

ఆ సాయంత్రం చర్చి ముందు ఊరంతా కూడింది. ఊరి పెద్ద ఐసెన్ తల ఎత్తలేదు.

"విలా కాంట్రాక్టరు హారిసన్ కలో వచ్చాడు. పందిని తెచ్చాడు. ఊరి పేరు పెట్టుకుంటాను, దీవించు పెద్దాయనా అన్నాడు. సరేనన్నా. నాకేం తెలుసు, నన్ను ఓనరుగా రాసి పని కొట్టేస్తాడని?"

"పందిని మింగి ఊరిని రాసిచ్చావా!" అని అరిచాడు రోరిక్ అనే కుర్రాడు.

"నేనొక్కణ్ణే మింగానా? అందరం తిన్నాం. ఎడ్నా, నీ వాటా ఆకులో చుట్టి మా ఇంట్లోంచే పంపాంగా!"

నిజమే. ఒకడి పందిని తిన్నాక నలుగురిలో వాడి మీద నోరెత్తడం ఆ దీవిలో ఎంత సిగ్గుచేటో చిన్నపిల్లలకీ తెలుసు. కలో తండ్రిది ఆ దీవే, కొడుకు మాత్రం విలాలో పెరిగాడు. ఆచారం సగమే తెలుసు. పైనున్న వాళ్లకి మన ఆచారం ఎప్పుడూ సగమే తెలుస్తుంది, వాళ్లకి పనికొచ్చే సగం.

"లారీ తగలబెడదాం. ఆ విలా వాళ్లని తన్ని పడవెక్కిద్దాం" అన్నాడు రోరిక్.

"ఆ కుర్రాళ్లతో మాట్లాడావురా నువ్వు?" ఎడ్నా లేచింది. "నేను మాట్లాడా. కూలి అడిగితే, కంపెనీ మెటెవుల్ వాళ్లది, పోయి వాళ్లనడగండి అంటున్నాడంట కలో. మన పేరు పెట్టి మన నోరూ కొట్టాడు, వాళ్ల నోరూ కొట్టాడు. వాళ్లని తంతే వాడికి పండగ."

"మరేం చేద్దామంటావ్ వదినా?" అన్నాడు రోరిక్.

"తిన్నది కక్కేద్దాం. వాడిచ్చిన దానికన్నా పెద్ద కోర ఉన్న పందిని వాడి చేతిలో పెడదాం. అప్పుడు బాకీ తీరుతుంది, మన నోరు మనది."

అందరూ ఐసెన్ వైపు తిరిగారు. ఆ దీవిలో పంది విలువంతా దాని కోరలోనే ఉంటుంది. అంత కోర ఉన్న పంది ఊళ్లో ఒక్కటే. కోర గుండ్రంగా తిరిగి దవడని తాకింది. దాన్ని బలిచ్చి పెద్దరికంలో ఇంకో మెట్టెక్కాలని ఐసెన్ సగం జీవితం కాచుకున్నాడు.

"అది నాదే! నా పేరు నిలబెట్టేదే అది!"

"నీ పేరు కంపెనీ కాగితమెక్కింది చాల్లేదా?" అంది అతని భార్య. "దానికి కంద మెత్తగా కలిపి నోట్లో పెట్టి పెంచింది నేను. నేనిచ్చేస్తున్నా."

జనం నవ్వారు. ఐసెన్ నవ్వలేదు. చివరికి తానే లేచి తాడు తేవడానికి వెళ్లాడు. ఆ నడక చూసి ఎడ్నా గుండె తరుక్కుపోయింది.

పని ప్రారంభం రోజున అధికారులు దండలు వేసుకుని నిలబడ్డారు. ఊరంతా పందిని నడిపించుకుంటూ వచ్చింది. ఐసెన్ తాడు చాపాడు. కలో దానికేసి చూసి మురిసిపోయాడు.

"అబ్బ! ఇంత పెద్దదా, నాకే?" అని తాడు అందుకున్నాడు. అధికారులు చప్పట్లు కొట్టారు. ఊరు కొట్టలేదు.

"తీసుకున్నావు. అందరూ చూశారు" అన్నాడు ఐసెన్. "నీ పందికి బదులు తీరింది. ఇక విను. ఆ కంపెనీ మాది కాదు. నేను దానికి ఓనర్నీ కాదు. స్థానికులు కావాలంటే, ఇదుగో, పారలు పట్టుకుని నిలబడ్డారు!"

లారీ ముందు ఈతమట్ట లాంటి నమెలే ఆకు పాతాడు. ఊరి పెద్ద పాతిన నమెలే ఆకుని, ఆయన తీసేదాకా ఎవరూ దాటరు.

"తొక్కించెయ్!" అని కేకేశాడు కలో. విలా డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. "నాకూ ఊరుంది సార్. నాకూ పెద్దలున్నారు. ముందు మా కూలి సంగతి చెప్పండి." అతని వెనక మిగతా కుర్రాళ్లూ గునపాలు కింద పడేశారు.

"అంతా ఆ ఆడదే ఎగదోస్తోంది. పట్టుకోండి!" అని పోలీసుల్ని పురమాయించాడు ప్రావిన్సు అధికారి.

పోలీసులు ఎడ్నా రెక్క పట్టుకున్నారు. ఐసెన్ రెండో ఆకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆడది నమెలే పాతడం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు. ఎడ్నా దాన్ని పోలీసు జీపు ముందు పాతింది.

కానిస్టేబులూ ఆ దీవి వాడే. ఆకు కేసి చూశాడు, పైఅధికారి కేసి చూశాడు. జీపు తాళాలు జేబులో వేసుకున్నాడు. "నడిచే పోదాం పదక్కా" అన్నాడు నెమ్మదిగా.

లకటోరో పోలీసు స్టేషను దాకా ఊరు వెంట నడిచింది. విలా కుర్రాళ్లు కూడా నడిచారు. ఎడ్నాని గదిలో పెట్టి తలుపేశారు. బయట ఆడవాళ్లు పొయ్యి వెలిగించి కంద కాల్చడం మొదలెట్టారు. ఇళ్లకి పొమ్మంటే ఒక్కరూ కదల్లేదు. లోపల ఎడ్నాకి భయం వేసింది, దాచుకోలేదు, ఏడ్చింది.

కిటికీ ఊచల దగ్గర ఎవరో తట్టారు. ముఖం కొత్తది. అవతలి కొండ మీది ఊరామె.

"అక్కా, మా బడి కట్టే కంపెనీకీ మా ఊరి పేరే పెట్టారు. మాలో ఎవరికీ పని లేదు. మీరెలా చేశారో చెప్పవా?"

ఎడ్నా కళ్లు తుడుచుకుని ఊచలు పట్టుకుంది.

"ముందు ఇది చెప్పు. మీరు ఎవడి పందిని తిన్నారు?"