ఎద్దు మెడలో కారు గొలుసు

మా ఓక్లహోమా పడమటి మూలన ఆ కరువు రోజుల్లో గాలి వీచేది కాదు, దుమ్ము వీచేది. ఒకసారి మా చేను చేనంతా లేచిపోయి పొరుగువాడి గట్టు మీద పడితే, వాడు అందులో జొన్నలు చల్లుకున్నాడు. నమ్మకపోతే పోనీండి. మిగతాది మాత్రం నమ్మాలి, నా పెళ్లి సంగతి కాబట్టి.

నాకు లేవర్న్ కావాలి, లేవర్న్‌కు నేను కావాలి. అడ్డం వాళ్ల నాన్న ఓటిస్ ప్రూయిట్. ఆయనకు పెద్ద కారుండేది. పెట్రోలు పోయించే స్తోమత పోయాక ఇంజను పీకించి, ముందు రెండు కంచరగాడిదలను కట్టి, మెత్తటి సీట్లో కూర్చుని కళ్లేలు పట్టుకుని చర్చికి వచ్చేవాడు. నాదేమో బీదాబిక్కీ కోసం కొత్తగా చేసి అమ్మిన బుల్లి కారు. అప్పటికే ఇద్దరి దగ్గర నలిగి నా దగ్గరికొచ్చింది. దాని తలుపు ఊడిపోకుండా గడ్డిమోపులు కట్టే తీగతో బిగించాను. ఆదివారం నేను ప్రార్థనలో ఉంటే కుర్రవెధవలు దాన్ని మోసుకెళ్లి చర్చి మెట్ల మీద పెట్టేవాళ్లు.

“ఆ అగ్గిపెట్టెలో నా కూతుర్ని ఎక్కిస్తానా?” అన్నాడు ప్రూయిట్. “సరే, ఓ మాట. నేను పక్కన కూర్చుంటా. గైమన్ పట్నం పోయి రావాలి. దారిలో ఎక్కడా ఆగకూడదు. ఆగిందా, మళ్లీ నా గడప తొక్కకు.”

“అలాగే మామగారూ.”

“ఎవడ్రా నీకు మామ?”

శనివారం పొద్దున నేను వాళ్లింట్లో లేవర్న్ చేసిన రొట్టెలు తింటుంటే, ఆయన ఎద్దును చూసొస్తానని బయటికి వెళ్లాడు. బయల్దేరేటప్పుడు చూద్దును కదా, ఎద్దు మెడలో నిగనిగలాడే గొలుసు. ముచ్చటగా ఉందనుకున్నాను, అంతే.

“ఏంరా, నీ బండి ఇవాళ గలగలమనడం లేదు?” అన్నాడాయన దారిలో. పెళ్లి ఆనందంలో నాకే చెవులు మూసుకుపోయాయనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో ఉత్తరాన నల్లటి గోడ లేచింది. పిట్టలు మా కారును దాటి పారిపోయాయి. మరుక్షణం మిట్టమధ్యాహ్నం కటిక చీకటైంది. కంచె తీగల మీద నీలిరంగు మెరుపులు పాకాయి. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.

“ఆగింది!” అన్నాడు ప్రూయిట్. ఆయన గొంతులో అంత సంతోషం నేనెన్నడూ వినలేదు.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ఇద్దరి మోకాళ్లూ గడ్డాలకు తగులుతున్నాయి. ప్రతి సందులోంచీ దుమ్ము దూరుతోంది. చేతిగుడ్డలు లేవర్న్ సీసాలో పోసిచ్చిన కాఫీలో తడిపి ముక్కులకు కట్టుకున్నాం. బయట ఇసుక చక్రాలను మింగి తలుపు మీదికి పాకుతోంది.

“దిగి నడుద్దాం పద,” అన్నాడాయన.

“ఎటు? పోయినసారి దుమ్ముగాలిలో పశువుల కొట్టం నుంచి ఇంటికి బయల్దేరిన హోరేస్ ఎక్కడ దొరికాడో తెలుసుగా?”

ప్రూయిట్ తలుపు మీంచి చెయ్యి తీశాడు. హోరేస్ శవపేటికను మోసినవాళ్లలో ఆయనా ఒకడు.

“వెనక గొలుసు వేలాడుతుంటే ఎందుకాగిందో!” అన్నాను.

“గొలుసుకీ ఇంజనుకీ ఏం సంబంధం?”

“దుమ్ముగాలిలో కారు ఒంటినిండా కరెంటు పుడుతుంది. గొలుసు నేల మీద ఈడుస్తుంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే ఇంజను చస్తుంది. కారున్నవాడెవడికైనా తెలుసు.”

కంచరగాడిదలు తోలేవాడికి తెలియదు. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నాకు ఎద్దు గుర్తొచ్చింది.

“ప్రూయిట్ గారూ...”

“ఏదో ఒకటి పీకేస్తే వాకిట్లోనే మొరాయిస్తుందనుకున్నాన్రా! అది కదిలేసరికి నాకు ఏడుపొచ్చింది.”

తిట్టడానికి నోట్లో తడి లేదు. గొలుసు బదులు వేలాడదీద్దామని తలుపు తీగ విప్పి చూశాను. ఈ గాలికి అది నేలకు ఆనదు. “చివర బరువు కావాలి. ఇనుముదో ఇత్తడిదో.”

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లి ఆగింది. అందులో వాళ్ల తాతగారి గడియారం, దాని గొలుసు ఉన్నాయి. ఇసుక కిటికీ అంచు దాకా వచ్చింది. ఆయన తీసి నా చేతిలో పెట్టాడు.

తీగ కట్టేటప్పుడు కొట్టిన షాక్‌కు లేచిన జుట్టు నాకీనాటికీ అణగలేదు. ఇసుక తవ్వి, ఆ బుల్లికారును ఇద్దరం చెరోపక్కా పట్టి గుంతలోంచి ఎత్తాం. పెద్ద కారైతే మాకు అదే సమాధి. హ్యాండిల్ తిప్పాను. దగ్గింది, తుమ్మింది, అందుకుంది.

కట్టు లేని తలుపును ఆయన రెండు చేతులా లాగి పట్టుకున్నాడు. ముక్కుగుడ్డ జారిపోతుంటే పళ్లతో కరిచాడు.

“మామగారూ, కాస్త మోకాలు జరపండి.”

“ఊఁ.”

“మామగారూ, కంచె కనబడుతోందా?”

“ఊఁ!”

ఇల్లు చేరేదాకా పిలుస్తూనే ఉన్నాను. అలాంటి అవకాశం మళ్లీ వస్తుందా?

లేవర్న్ లాంతరుతో వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం బతికున్నామని తడిమి చూసుకున్నాక అడిగింది: “నాన్నా, దారిలో ఆగిందా?”

దుమ్ములో ఆగని నా ఊపిరి అప్పుడాగింది. ఆయన వంగి తీగ కొసను పైకి లాగాడు. గడియారానికి అద్దం లేదు, ముళ్లు లేవు. దాన్ని చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు.

“కారు ఆగలేదే. నేనే ఆపాను. వెళ్లి ఎద్దు మెడలో గొలుసు విప్పుకురా.”

“ఆ గొలుసు ఎవరిది నాన్నా?”

“మీ ఆయనది.”