పిల్లిని డాబా ఎక్కించే మనిషి

"ఇంట్లోనే ఉండే పిల్లులకి బయటిగాలి తగలకపోతే డిప్రెషన్ వస్తుందట" అన్నాడు కరుణాకర్, సోఫాలో కాళ్ళు చాపుకుని, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

మహిమ అప్పుడు సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. రోజూ కాసేపు ఆకాశం చూడాలట, ఎండ పొడ తగలాలట, లేకపోతే ఒంటి మీది బొచ్చు అదే పీక్కుంటుందట అని చదివి వినిపిస్తున్నాడు. చివర్లో "పాపం, నోరు లేని జీవం, ఎవరికి చెప్పుకుంటుంది?" అన్నాడు. ఆ పాపం అన్న మాట ఎంత మెత్తగా వచ్చిందంటే, మహిమ చేతిలో పీచు ఆగిపోయింది. కూతురు స్తుతి కడుపులో ఉన్నప్పుడు వాంతులతో మంచం పట్టినా, నిరుడు నడుం పట్టేసి నేల మీంచి లేవలేకపోయినా, ఆమెకి దక్కని గొంతు అది. నోరు లేని జీవానికి దక్కింది. తనకి నోరుండటమే తప్పయిందేమో అనుకుని మళ్ళీ గిన్నె మీద పీచు వేసి రుద్దింది.

మోచా అని ఆ పిల్లికి పేరు పెట్టింది స్తుతి. పదో తరగతి సెలవుల్లో ఏడ్చి సాధించుకుంది. ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరుతూ "అమ్మ చూసుకుంటుందిలే" అంది. అమ్మ చూసుకుంటోంది. ఇసక డబ్బా ఎత్తిపోయడం, బొచ్చు దువ్వడం, సోఫా మీది వెంట్రుకలు ఏరడం అమ్మ పని. ఒళ్ళో కూచోబెట్టుకుని ఫొటోలు దిగడం నాన్న పని. ఆయన జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాడు కాబట్టి ప్రాణుల మీద ప్రేమ ఆయన సబ్జెక్టు. మహిమ ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు చెబుతుంది కాబట్టి చాకిరీ ఆమె సబ్జెక్టు.

తనకి బయటిగాలి కావాలని మహిమ కూడా ఒకసారి అడిగింది. స్కూల్లో భవ్య, ఇంకో ఇద్దరు టీచర్లు సాయంత్రం పూట పార్కులో నడుస్తున్నారనీ, తనూ వెళ్తాననీ అంది. కరుణాకర్ హాయిగా నవ్వాడు. పొద్దున్న లేచినప్పట్నించి పడుకునేదాకా నువ్వు ఇంట్లో నడిచే నడక చాలదా, మళ్ళీ పార్కెందుకు అన్నాడు. అంటే తను ఎంత చాకిరీ చేస్తుందో ఆయనకి తెలుసన్నమాట. ఇన్నేళ్ళలో ఆ చాకిరీని ఆయన గుర్తించింది ఆ ఒక్కసారే, అదీ కాదనడానికి. పక్కనుంచి అత్తగారు ఎలీసమ్మ, పొద్దుగూకే వేళకి ఆడమనిషి ఇంట్లో కనబడితేనే ఇంటికి కళ అని ముగించింది. మరి ఆ వేళకి టీ పెట్టే మనిషి కూడా కనబడాలి కదా.

పిల్లి విషయంలో అలాంటి పేచీలేవీ రాలేదు. రెండ్రోజుల్లో దానికి ఎర్ర బెల్టు వచ్చింది, బెల్టుకి తాడు వచ్చింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరని లోకం తల బద్దలు కొట్టుకుంటుంది గానీ, ఈ ఇంట్లో ఆ ప్రశ్నే లేదు. పిల్లికి ఏది కట్టాలన్నా మహిమే కట్టాలి.

కట్టేముందు ఆమె పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ టీకాలు చూసి, పేలమందు మెడ వెనక వేసి, జాగ్రత్తలు చెప్పింది. ముందు కొన్నాళ్ళు బెల్టు ఇంట్లోనే తొడిగి అలవాటు చేయాలి. తిండి పెట్టకముందే బయటికి తీసుకెళ్ళాలి, ఆకలి మీదుంటే పిలిస్తే వస్తుంది. ఎండలో వద్దు, చల్లబడ్డాక రోజూ ఒకే వేళకి. అన్నిటికంటే ముఖ్యం, గడప దాన్ని సొంత కాళ్ళతో దాటనివ్వకూడదు, చేతుల్లో ఎత్తుకునే దాటించాలి. ఒకసారి తనంతట తను దాటిందంటే, తలుపు తీసినప్పుడల్లా పారిపోవాలని చూస్తుందట. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే కరుణాకర్ చాలా మెచ్చుకున్నాడు. నిజమే, ఒకసారి అలవాటైతే పట్టుకోలేం అన్నాడు.

మొదటిరోజు డాబా మీద మోచా పొట్ట నేలకి ఆనించి, నీళ్ళ ట్యాంకు నీడలోంచి కదల్లేదు. మహిమ లాగలేదు, పక్కనే కూచుంది. మూడోరోజుకో నాలుగోరోజుకో అది లేచి, పిట్టగోడ పగులులో మొలిచిన గరిక వాసన చూసి, కొరికి, అక్కడే ఒళ్ళు విరుచుకుని దొర్లింది. అది చూసి మహిమకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆమెకి తెలుసు. పెళ్ళయ్యాక ఆకాశం కింద ఏ పనీ లేకుండా కూచోవడం ఆమెకీ అదే మొదటిసారి.

ఆ వేళకి కింది పోర్షన్‌లో జాకెట్లు కుట్టే చాంద్‌బీ కూడా డాబా ఎక్కేది. పెద్దగా ఏం మాట్లాడుకునేవారు కాదు. నీ పిల్లికి ఉన్న దర్జా నాకు లేదు టీచరమ్మా అని చాంద్‌బీ అనేది, నాకు మాత్రం ఉందా అని మహిమ అనేది, ఇద్దరూ నవ్వుకునేవారు. ఎలీసమ్మ ఫోన్ చేసి ఎక్కడున్నావంటే, పిల్లితో ఉన్నానత్తయ్యా అంటే చాలు, మారుమాట లేకుండా పెట్టేసేది. స్కూలు నుంచి పావుగంట ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషికి, పిల్లి పేరు చెబితే సాయంత్రం సాయంత్రమంతా దొరికింది. సంతోషంగానే ఉంది. కాకపోతే ఆ సంతోషం అడుగున ఒక మంట కూడా ఉంది. డిగ్రీ చదివి, బీఈడీ చేసి, పాతికమంది పిల్లలకి అక్షరాలు దిద్దించే మనిషికి ఊపిరి పీల్చుకోవడానికి పిల్లి సిఫార్సు కావాల్సి వచ్చింది.

ఎండలు ముదిరాక సత్తెనపల్లి దగ్గర ఎలీసమ్మ తమ్ముడి చేలోంచి మిరపకాయల బస్తాలు దిగాయి. ఏటా దిగుతాయి. ఈ ఇంటికీ, ఇద్దరు ఆడపడుచుల ఇళ్ళకీ ఏడాది కారం ఇక్కడే తయారవ్వాలి. డాబా మీద ఎండబోయడం, సాయంత్రానికి కుప్పజేసి పట్టా కప్పడం, తొడిమలు తీయడం, మిల్లుకి పట్టుకెళ్ళి ఆడించడం, అంతా మహిమే. ఆ రోజుల్లో పడుకున్నా వేళ్ళు మండుతూనే ఉంటాయి, ఇల్లంతా ఘాటుకి తుమ్ముతూనే ఉంటుంది. అయినా ఆమె మోచా షికారు మానలేదు. కాయలన్నీ తూర్పువైపుకి జరిపి, ట్యాంకు అవతల పడమటివైపు నేల కడిగి పెట్టుకుని, చేతులు నూనెతో తుడిచి సబ్బుతో కడిగాక గానీ పిల్లిని ముట్టుకునేది కాదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ కరుణాకర్ కాలేజీ స్నేహితుల్ని ఇద్దర్ని భోజనానికి తీసుకొచ్చాడు. మహిమ వంటింట్లో పలావులోకి ఉల్లిపాయలు వేయిస్తోంది. హాల్లోంచి ఆయన గొంతు వినబడుతోంది. మేం మోచాని రోజూ వాకింగ్‌కి తీసుకెళ్తాం, దానికంటూ ఒక రొటీన్ సెట్ చేశాం అంటున్నాడు. మేం అట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే అనుకుని గరిటె తిప్పింది. కాసేపటికి హాలు నిశ్శబ్దమైంది. స్నేహితులకి చూపించడానికి ఆయన పిల్లిని డాబా మీదికి తీసుకెళ్ళాడని, పైనుంచి పిల్లి అరుపు వినబడేదాకా ఆమెకి తెలియదు.

మిట్టమధ్యాహ్నం, కాళ్ళు పెడితే కాలే డాబా. ఎర్రటి మిరపకాయల మీద తెల్లటి పిల్లి ఫొటోకి బాగుంటుందని ఆయన దాన్ని ఎండబోసిన కాయల మధ్యలో నిలబెట్టాడు. అది కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గెంతి, పొర్లి, ఆ కాళ్ళనే నాకింది. అదే కాళ్ళతో కళ్ళు రుద్దుకుంది. గుంటూరులో పుట్టి పెరిగినవాడు, కారం చేతులతో కన్ను ముట్టుకోకూడదని అక్షరాలు రాకముందే నేర్చుకున్నవాడు. పిల్లికీ కాళ్ళుంటాయనీ, ఆ కాళ్ళు నాలుక్కి తగులుతాయనీ జువాలజీ చెప్పే మనిషికి తట్టలేదు.

మహిమ స్టవ్ కట్టేసి పరుగెత్తింది. నురగలు కక్కుతూ గింజుకుంటున్న దాన్ని పాత దుప్పట్లో చుట్టి కిందికి తెచ్చింది. కళ్ళు చల్లటి నీళ్ళతో తడిపి తడిపి కడిగింది. కాళ్ళకి మంచినూనె పట్టించి తుడిచి, సబ్బుతో కడిగింది. అది భయంతో ఆమె మోచేతుల దాకా గీరేసింది. రక్తం కారుతున్న చేతులతోనే ఆటో ఎక్కి డాక్టరమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. ఆటో ఎక్కేముందు, స్నేహితుల ఎదుట, కరుణాకర్ అన్నమాట ఇది:

"పైన మిరపకాయలు ఎండేసిన సంగతి నాకు చెప్పాలిగా, మహిమా."

వారం నుంచి ఇల్లంతా తుమ్ముతోంది. ఆయన కూడా తుమ్ముతున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంకేం చెప్పాలి ఈ మనిషికి?

పిల్లి కోలుకుంది. మీరు సమయానికి కడిగారు, లేకపోతే కన్ను పోయేది అంది డాక్టరమ్మ. ఆ తర్వాత మహిమ చేతుల మీది గీతల వంక చూసి, మీరు ముందు ఇంజెక్షన్ చేయించుకోండి అంది. ఆ మాట ఆ రోజు అన్నది ఆవిడ ఒక్కతే. స్కూల్లో చేతులు చూసి హెడ్మాస్టరు, ఏం టీచర్, సారుతో యుద్ధమా అని జోకు వేశాడు, స్టాఫ్‌రూమంతా నవ్వింది.

అయితే ఆమె గుండెలో దిగింది అవేవీ కావు. ఆ ఆదివారం సాయంత్రమే కుటుంబ ప్రార్థనలో జరిగిన సంగతి. ముగ్గురూ చాప మీద కూచుని కళ్ళు మూసుకున్నారు. ఇంటి పెద్దగా కరుణాకర్ పైకి ప్రార్థన చేశాడు. మూగజీవిని కాపాడినందుకు స్తోత్రం చెప్పాడు. స్తుతి చదువు గురించి, అమ్మ షుగరు గురించి చెప్పాడు. చివర్లో "ప్రభువా, ఈ ఇంట్లో జరిగే అజాగ్రత్తల్ని క్షమించు. ఈ ఇంటి ఇల్లాలికి మరింత మెలకువ దయచేయి" అన్నాడు.

ఈ ఇంట్లో ఇది కొత్త కాదు. కూరలో ఉప్పెక్కువైనా, ఆడపడుచుకి ఫోన్ చేయడం మరిచినా, మామూలుగా అంటే గొడవవుతుందని ప్రార్థనలో పెట్టడం ఆయనకి అలవాటు. తనూ కళ్ళు మూసుకుని ఉండగా, దేవుడితో మాట్లాడుతున్న మనిషికి ఎదురు చెప్పడం కుదరదు. పైగా ఆఖర్న ఆమెన్ అనాలి, అంటే అవునయ్యా, అలాగే జరుగుగాక అని తన మీద తీర్పుకి తనే సంతకం పెట్టాలి. ఇన్నేళ్ళూ పెట్టింది. ఆ సాయంత్రం మహిమ కళ్ళు తెరిచింది. మూసిన కళ్ళతో, ఎంతో వినయంగా తల వంచి ఉన్న మొగుణ్ణి నిదానంగా చూసింది. ఎలీసమ్మ ఆమెన్ అంది, కరుణాకర్ ఆమెన్ అన్నాడు. మూడో గొంతు రాకపోయేసరికి ఇద్దరూ కళ్ళు తెరిచి, తమనే చూస్తున్న ఆమెని చూసి తడబడ్డారు. ఆమె లేచి, గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది. కోపంతో పీచు గట్టిగా రుద్దింది. దేవుడి మీద కాదు. దేవుణ్ణి కూడా తన మీదికి మధ్యవర్తిగా తెచ్చుకున్న మనిషి మీద.

ఆ వారంలోనే కరుణాకర్ మనుషుల్ని పిలిపించి, వీధివైపు బాల్కనీకి పైనుంచి కిందిదాకా గట్టి వల బిగించాడు. మోచా కూచోవడానికి గోడకి చెక్క కూడా కొట్టించాడు. పని బాగా జరిగింది, ఆ మాట మహిమ కూడా ఒప్పుకుంది. మూలమూలలా వేళ్ళు పెట్టి లాగి చూసింది, ఎక్కడా సందు లేదు. మోచా చెక్కెక్కి, కరెంటు తీగల మీది పావురాల్ని చూస్తూ తోక ఆడిస్తోంది. దానికి ఇక ఏ భయమూ లేదు, గాలికి కరువూ లేదు.

"ఇక నీకు రోజూ డాబా ఎక్కే బాధ తప్పింది" అన్నాడు కరుణాకర్, మేలు చేసినవాడి మొహంతో. ఎలీసమ్మ కూడా సంతోషించింది. ఇక ఆ వేళకి టీ ఆలస్యం కాదుగా అంది.

మహిమకి అప్పుడు అర్థమైంది, డాబా తనదని ఈ ఇంట్లో ఎవరూ ఏనాడూ అనుకోలేదని. పిల్లికి గాలి కావాలి కాబట్టి, పిల్లి సొంతంగా గడప దాటకూడదు కాబట్టి, దాన్ని ఎత్తుకుని దాటించడానికి రెండు చేతులు కావాలి. ఆ చేతులతో ఇక పని లేదు.

మర్నాడు ఎండ తగ్గేసరికి ఆమె ఒంటికే తెలిసిపోయింది వేళయిందని. మోచాని బాల్కనీలోకి వదిలి, గిన్నెలో తిండి పెట్టి, తలుపు దగ్గరికొచ్చి చెప్పులు వేసుకుంది.

కరుణాకర్ ఫోన్లోంచి తలెత్తాడు. "ఎక్కడికి? మోచా బాల్కనీలో ఉందిగా."

"చూశాను."

"మరి?"

నోటికి ఎన్ని జవాబులు వచ్చాయో. కొత్తిమీర అయిపోయింది అనవచ్చు. చాంద్‌బీ దగ్గర జాకెట్టు తెచ్చుకోవాలి అనవచ్చు. ఏదో ఒకటి చెబితే చాలు, ఆయన మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోతాడు. పుట్టింట్లో ఉన్నప్పట్నించి ఏదో ఒక పని చేతిలో పట్టుకుని తప్ప ఆమె గడప దాటలేదు. ఇవాళ చేతులు ఖాళీగా ఉన్నాయి, అబద్ధం పెట్టుకోవడానికి కూడా ఆమెకి మనసొప్పలేదు.

"ఊరికే" అంది.

"ఊరికే ఏంటి?"

"ఊరికే అంటే ఊరికే. రేపు కూడా వెళ్తాను."

అమ్మకి టీ అని ఆయన అంటుండగానే మహిమ బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. పైకి వెళ్తే డాబా, ఈ ఇంటి నెత్తి మీదే. ఆమె కిందికి దిగింది. గేటు తీసి రోడ్డు మీదికొచ్చి, ఎటు వెళ్ళాలో ఇంకా అనుకోలేదు కాబట్టి అటూ ఇటూ చూసింది.

"మహిమా, ఎప్పుడొస్తావు?"

తలెత్తి చూసింది. ఆమె ఎటు వెళ్తుందో చూడటానికి కరుణాకర్ బాల్కనీలోకి వచ్చాడు. వల అవతల ఆయనా, పిల్లీ పక్కపక్కన నిలబడి కిందికి చూస్తున్నారు.

"వచ్చినప్పుడు" అని మహిమ నడక మొదలుపెట్టింది.