ముందు మీరు, అబ్బే ముందు మీరు

నేను ఒక స్టార్టప్ స్క్రిప్టును. కరెంటు రాగానే కంప్యూటర్లో ఏ ప్రోగ్రాము ఎవరి తర్వాత లేవాలో చెప్పేదాన్ని. రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో నా కొలువు. అక్కడ అమ్మోనియా లీకైతే సెన్సారు పసిగట్టాలి, సైరను కూయాలి. ఇద్దరినీ నిద్ర లేపే పూచీ నాది.

నాది నిదానం. ఒకరు పూర్తిగా లేచాకే రెండోవారిని పిలుస్తాను. ఈలోగా కంప్రెసర్లు ఆన్ చేయాల్సిన ఆపరేటరు ఖాజావలీ మెషిన్ గది బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. లోపల ఐసు కరిగిపోతుంటుంది.

"అమ్మాయ్, పోనా?"

"ఉండు బాబాయ్, ఇంకా లేవలా," అనేది ఇంజనీరు రత్నశ్రీ, నన్ను తిట్టుకుంటూ. ఏదో ఒకనాడు ఆయన ఆగకుండా వెళ్లిపోతాడేమోనని నాకూ ఒకటే దడ.

అందుకే ఆమె కొత్త పద్ధతి తెచ్చింది. అది అందరినీ ఒకేసారి లేపుతుంది. ఎవరైనా ఇంకొకరి కోసం ఆగాలంటే ఆ మాట వాళ్ల ఫైల్లో రాయాలి. రత్నశ్రీ అతిజాగ్రత్తకు పోయి సెన్సారు ఫైల్లో 'ముందు సైరను' అనీ, సైరను ఫైల్లో 'ముందు సెన్సారు' అనీ రాసింది. గుమ్మం దగ్గర వియ్యంకులు 'ముందు మీరు', 'అబ్బే, ముందు మీరు' అనుకున్నట్టయింది. వియ్యంకులైతే ఎవరో ఒకరు నవ్వి అడుగేస్తారు. నా చోట వచ్చిన ఆ కొత్త పద్ధతికి, అదే మా కొత్తాయనకు, అంత ఓపిక లేదు. సైరనును పక్కకు నెట్టి మిగతావారిని లేపేశాడు. ఆ సంగతి తెరమీద ఎర్రటి అక్షరాల్లో చెప్పాడు కూడా. వేగం ఎక్కువ కదా, ఆమె చదివేలోపే ఆ వాక్యం తెర దాటి పైకి వెళ్లిపోయింది.

"చిటికెలో లేచింది! పో బాబాయ్."

ఖాజావలీ గడియ తీసి లోపలికి అడుగుపెట్టాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరైనా నడిపితే తప్ప నాకు నోరు రాదు.

"ఆగాగు, సైరను ఒక్కసారి మోగించి చూస్తా," అంది రత్నశ్రీ.

మీట నొక్కింది. చప్పుడు లేదు.

"బాబాయ్, బయటికి రా! రా ముందు!"

ఆయన వచ్చాడు. ఆమె నన్ను తెరిచి, మొదటిసారి పైనుంచి కిందిదాకా చదివింది. సెన్సారు ముందు, సైరను తర్వాత. కొత్తాయనకు అదే వరుస నేర్పింది. ఈసారి సైరను కూతకు రేవంతా అదిరింది. ఖాజావలీ లోపలికి వెళ్లాడు.

ఆమె తేలికగా ఊపిరి పీల్చుకుని, నన్ను తుడిచేయమని టైపు చేసింది. 'నిజంగానే తీసేయాలా?' అని కంప్యూటరు అడిగింది. ఆమె వేలు మీట మీద ఉంది. నన్ను తీసేయి, కాదనను. కానీ అమ్మాయ్, బాబాయ్ ఇంకా బయటికి రాలేదు.