బుట్టెడు పూలు

పుంగనూరులో మా వీధికి మొదటి ఫ్రిజ్ మాదే. రెండువేల ఒకటిలో కొన్నాం. దాంట్లో పాలూ పెరుగూ కన్నా వీధి ఆడవాళ్ల పూలే ఎక్కువగా ఉండేవి. నేనేమీ ఊరికే పెట్టనిచ్చేదాన్ని కాదు. నీళ్లు చల్లిన మల్లెలు తెస్తే గడపలోంచే వెనక్కి పంపేదాన్ని. తడిగుడ్డ గట్టిగా పిండి చుట్టాలి, అరటాకు పరిచిన స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాలి. అప్పుడే మొగ్గ మొగ్గలాగే ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నా నోటిని మా వీధి ఆ ఫ్రిజ్ కోసమే భరించింది.

ఆ రోజు మా ఆయన లక్ష్మీపతి తెల్లారేసరికి ఇంటికి రావాలి. మదనపల్లె నుంచి టమాటా లోడు లారీ తోలుకుని కుప్పం మీదుగా సేలం పోయాడు. పొద్దెక్కినా రాలేదు. టీ అంగడి కొండప్పను అడుగుదామని పోయాను.

"కుప్పం దాటినాక టమాటా లారీ బోల్తా కొట్టిందంటమ్మా. డ్రైవరు పోయినాడంట. ఏ బండో తెలీదు" అన్నాడు, గ్లాసులు కడుగుతూనే. నా మొహం మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసుకున్నాను. కీడెంచి మేలెంచమన్నారు. నాకు కీడు దాటి మనసు పోలేదు. ఫ్రిజ్‌లోని డబ్బాలన్నీ తీసి తుడుస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం వాకిలి చప్పుడైంది. ఎదురింటి వరలక్ష్మక్క, ఆమె వెనక పద్మావతి. రోజూ వీధిలోంచే "అంబికా, ఫ్రిజ్‌లో తావుండాదా?" అని కేకేసే మనుషులు, ఆ రోజు తలుపు తోసుకుని లోపలికే వచ్చేశారు. వరలక్ష్మక్క చేతిలో బుట్టెడు మల్లెలు. తడిగుడ్డ లేదు, ఆకు లేదు. కట్టిన మూరలు అలాగే ఎండకు వేలాడుతున్నాయి.

మొగుడు పోయిన మనిషికి కడసారి తలనిండా పూలు పెట్టడానికి అలాగే తెస్తారు. నేనూ ఒకసారి తీసుకెళ్లినదాన్నే.

"ఇట్లియ్యి అక్కా, వాడిపోతాండాయి" అని బుట్ట పట్టుకున్నాను. "తావుండాది. ఈ పొద్దు ఎన్నైనా పెట్టుకోండి. నేనేమీ అనను."

ఎవరినీ బతిమాలని నేను బతిమాలుతున్నాను. పద్మావతి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవి దాచి పెట్టేదానికి కాదమ్మా" అంది వరలక్ష్మక్క. "ఇట్ల కూసో."

నేను కూర్చోలేదు. కూర్చుంటే అంతా నిజమైపోతుందని భయం. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు గేటు తోసుకుని మా ఆయన వచ్చాడు. చొక్కానిండా నెత్తురు.

"నాది కాదు, నాది కాదు" అన్నాడు నా మొహం చూసి. "ఎదురుగా వస్తాండిన టమాటా బండి బోల్తా కొట్టింది. ఆ డ్రైవరును కుప్పం ఆస్పత్రికి నేనే ఎత్తుకపోయినాను. దక్కలేదు. పోలీసోళ్లు ఇంతసేపూ ఆడనే ఉండమన్నారు."

ఆయన చేతులూ భుజాలూ తడిమి చూసుకుని గొంతెత్తి ఏడ్చాను. అంగడి మాటలు నమ్మి వచ్చిన వరలక్ష్మక్క, పద్మావతి గోడకు అంటుకుపోయి నిలబడ్డారు. బుట్టను ఎక్కడ దాచాలో వాళ్లకు తెలియలేదు.

నన్ను ఊరడించడానికి ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఇన్ని పూలు ఎవురివి మే? వాడిపోతాండాయి, సూడు" అని నవ్వబోయి, బుట్టలోంచి ఒక మూర తీసి నా జడ దగ్గరికి తెచ్చాడు.

"వద్దు!"

ముగ్గురం ఒక్కసారే అరిచాం. నాదే పెద్ద అరుపు. రెండు చేతులతో తల కప్పుకుని, ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య సందులోకి నక్కాను. బతికొచ్చిన మొగుణ్ణి చూసి భయపడుతున్నాను.

"ఏమైంది మే?" అంటూ ఆయన ఆ పూలతోనే ఇంకో అడుగు ముందుకు వేశాడు.