హేమ రాసుకున్న ఉద్యోగం

రేపల్లె పక్క ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పే లిడియా, తొమ్మిదో తరగతి పిల్లల చేత ‘పెద్దయ్యాక ఏమవుతారు’ అన్న ఫారాలు నింపించి, వివరాలతో బాపట్లలో మీటింగుకు వెళ్లింది. ఇరవై ముగ్గురు ఆడపిల్లల్లో పధ్నాలుగు మంది టీచరని రాశారు. తనను చూసే రాశారని ఆమెకు లోలోపల గర్వంగా ఉంది.

మీటింగులో వీరరాఘవయ్యగారనే అధికారి ఆ కాగితం చూసి, “వీళ్లే ఏడో తరగతిలో ఏం రాశారమ్మా?” అని అడిగారు. చూసి చెబుతానంది లిడియా.

మర్నాడు స్కూలు బీరువాలోంచి ఆ ఏడో తరగతి ఫారాల కట్ట తీసింది. ఒకమ్మాయి కబడ్డీ ఆడతానంది. ఇంకొకతె పాములు పడతానంది. టీచరన్నది ముగ్గురే. హేమ ఫారంలో మాత్రం ‘రైలు డ్రైవరు’ మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత, పక్కన ‘టీచర్’ అని ఉంది. ఆ చేతిరాత తనదే.

అప్పుడు గుర్తొచ్చింది. క్లాసంతా గొల్లుమంటే తనూ నవ్వింది. “ఆడపిల్లవి, రైలేంటమ్మా?” అంటూ దిద్దేసింది.

ఈ ఏడాది ఫారంలో హేమ కూడా టీచరనే రాసింది. మధ్యాహ్నం లిడియా ఆ పిల్లను పిలిచింది. “తప్పు నాదమ్మా. నేనలా కొట్టేయకూడదు.”

“మీ వల్ల కాదండి,” అంది హేమ తల దించుకుని. “నాన్న పోయాక ఆ ఆశే పోయిందండి.”

హేమ తండ్రి కోటిలింగం రోజూ పొద్దున్నే రైల్లో జామకాయలు తెనాలి తీసుకెళ్లి అమ్మేవాడు. ఆదివారాలు కూతురినీ వెంటబెట్టుకెళ్లి, ఇంజను దగ్గర నిలబెట్టి చూపించేవాడు. నిరుటి వానల్లో జ్వరమొచ్చి నాలుగో రోజుకే పోయాడు. అప్పుడు లిడియా పలకరించడానికి వెళ్లింది కానీ, ఈ సంగతి ఇప్పుడు హేమ చెబితేనే తెలిసింది.

తన తప్పు ఎలాగైనా దిద్దుకోవాలనిపించింది. హేమను తెనాలి తీసుకెళ్లి మళ్లీ ఇంజను చూపిస్తానని తల్లి అనంతలక్ష్మిని అడిగితే, “తీసుకెళ్లండి మేడం. అది నోరిప్పి మాట్లాడి చాన్నాళ్లయింది,” అంది.

ఆదివారం ఇద్దరూ తెనాలిలో దిగారు. ఇంజను దగ్గర నిలబడి, ఐటీఐ చేస్తే ఆ ఉద్యోగానికి పరీక్ష రాయొచ్చని లిడియా చెబుతూనే ఉంది. హేమ ఊఁ కొడుతోంది గానీ చూపు ఇటు లేదు.

“అక్కడ కూర్చునేవారండి మా నాన్న. ఆ స్తంభం పక్కన.”

అక్కడిప్పుడు వేరే ఆయన జామకాయల బుట్ట పెట్టుకున్నాడు. హేమను చూడగానే లేచాడు. “కోటిలింగం కూతురివి కదా తల్లీ! ఎంత ఎదిగావే!” అని ఒక కాయ కోసి, ఉప్పూ కారం అద్ది చేతిలో పెట్టాడు. హేమ దాన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లిడియా దగ్గరకు తీసుకుంది. పిల్లకు ఇంజను చూపిద్దామని తెచ్చింది, తండ్రి లేని చోటు చూపించింది.

తిరుగు రైల్లో ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు.

“మేడం, ఫారంలో టీచరనే ఉంచండి,” అంది హేమ ఉన్నట్టుండి. “అమ్మ సంతోషపడుతుంది.”

“మరి నీకు?”

హేమ కిటికీ బయటికి చూసింది. “నాకేమీ అవ్వాలనిపించట్లేదండి.”

రేపల్లె వచ్చింది. అనంతలక్ష్మి ప్లాట్‌ఫాం మీదే ఎదురుచూస్తోంది. హేమ చున్నీతో మొహం గట్టిగా తుడుచుకుని, తల్లి కోసం నవ్వు తెచ్చుకుని దిగింది. ఆ నవ్వు చూశాక లిడియాకు వెంటనే లేవబుద్ధి కాలేదు.